హనుమకొండ ఎండలో షిట్జూ పెంపకం

కాజీపేటలో ఉద్యోగం చేస్తున్న మీరు, హనుమకొండలో ఉంటున్న తల్లిదండ్రులకు తోడుగా పొడవు జుట్టుండే షిట్జూ జాతి కుక్కపిల్లను, మూడు నెలలదాన్ని, తేవాలనుకుంటూ నాలుగు ప్రశ్నలు అడిగారు: అది మన ఎండలకు తట్టుకుంటుందా, వేసవిలో జుట్టంతా తీయించేయవచ్చా, ఏం పెట్టాలి, వెంట్రుకలు రాలని జాతి కనుక అమ్మగారి ఆస్తమాకు ఇబ్బంది ఉండదన్న మాట నిజమేనా. నేను పశువైద్య శాఖలో పనిచేసి విరమణ పొందాను. ఆ తరువాత గత పదకొండేళ్లుగా ఇంట్లోనే చిన్న కుక్కలకు జుట్టు కత్తిరించే పని చేస్తున్నాను. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది మూడో షిట్జూ.

ముందుగా ఆస్తమా సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే దాని జవాబును బట్టే మిగతా మూడు ప్రశ్నలు మీకు అవసరమా కాదా అన్నది తేలుతుంది. షిట్జూ జుట్టు మనిషి తలవెంట్రుక లాగా చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది కనుక అది పొమేరియన్ లాగా సోఫా నిండా రాల్చదన్నది నిజమే. ఊడిన కొద్దిపాటి వెంట్రుక కూడా పైజుట్టులో చిక్కుకుని చివరికి దువ్వెనలోకి వస్తుంది. అయితే అలర్జీ తెప్పించేవి వెంట్రుకలు కావు. కుక్క లాలాజలంలోనూ, మూత్రంలోనూ, చర్మం నుంచి పొట్టులా రాలే సన్నని పొలుసుల్లోనూ ఉండే ప్రోటీన్లు అందుకు కారణం, అవి లేని జాతి ఏదీ లేదు. "ఈ జాతికి అలర్జీ రాదండీ" అనేది అమ్మేవారి మాట. అమ్మగారిని చూస్తున్న వైద్యుడిని అడగండి. ఆయన సరేనంటే, షిట్జూ ఉన్న తెలిసినవారి ఇంటికి ఆమెను వేర్వేరు రోజుల్లో రెండు మూడు సార్లు తీసుకెళ్లి, ప్రతిసారీ గంటసేపు కూర్చోబెట్టి, ఆ రాత్రీ మరునాడూ ఊపిరి ఎలా ఉందో గమనించండి. ఇంతా చేయకుండా ముచ్చటపడి తెచ్చుకుని, ఆరు నెలలు తిరగకముందే ఆయాసం మొదలై, ఇంటికి అలవాటుపడిన కుక్కను ఎవరికివ్వాలా అని నా దగ్గరికి వచ్చినవారిని నేను ముగ్గురిని చూశాను.

ఇక జాతి గురించి కొంత తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే మన ఊళ్లో షిట్జూ పేరుతో లాసా అప్సో అనే మరో పొడవు జుట్టు జాతినీ, రెండూ కలిసిన పిల్లలనూ కూడా అమ్ముతున్నారు. రెండూ టిబెట్ మూలం గలవే. షిట్జూ చైనా రాజభవనాల్లో ఒడి కుక్కగా పెరిగింది. ఆ పేరుకు చైనా భాషలో సింహమనే అర్థం. 1930లో ఇంగ్లండు చేరింది, 1969లో, కుక్క జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీన్ని టాయ్, అంటే చిన్న ఒడి కుక్కల జాతుల వరుసలో గుర్తించింది. ఎదిగిన కుక్క 4 నుంచి 7 కిలోల బరువు, భుజం దగ్గర సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. తల గుండ్రంగా, కళ్లు పెద్దవిగా, ముక్కు ముఖంలోకి నొక్కినట్టుగా ఉండి, ముక్కు మీది జుట్టు నలువైపులా విచ్చుకుని చామంతి పువ్వును తలపిస్తుంది. లాసాకు మూతి ఇంతకంటే పొడవు, తల సన్నం, వెంట్రుక బిరుసు. స్వభావంలో కూడా కొత్తవారిని తొందరగా దగ్గరకు రానివ్వదు. "టీకప్", "ఇంపీరియల్" అని ఎక్కువ ధర చెప్పేవి వేరే జాతులు కావు, మామూలుకంటే చిన్నగా ఉన్న షిట్జూలే. అంత చిన్న పిల్లల్లో రక్తంలో చక్కెర పడిపోవడం మరీ తరచుగా జరుగుతుంది కనుక వాటి జోలికి పోవద్దని నా సలహా.

ఇప్పుడు అసలు విషయమైన ఎండ. షిట్జూను చూసిన ప్రతివారూ "అంత జుట్టుతో పాపం ఎలా ఉంటుందో" అంటారు, నిజానికి దాన్ని మే నెలలో ప్రమాదంలో పడేసేది పొట్టి ముక్కు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్ల దగ్గర మాత్రమే కొద్దిగా పడుతుంది, అది లెక్కలోకి రాదు. నాలుక చాచి వగర్చేటప్పుడు నాలుక మీదా, నోట్లో, ముక్కు లోపలి పొరల మీదా ఉన్న తడి ఆవిరై పోవడమే దాని శరీరాన్ని చల్లబరిచే ముఖ్యమైన ఏర్పాటు. పొడవు మూతి ఉన్న మన వీధికుక్కకు ఆ పొరల విస్తీర్ణం ఎక్కువ. షిట్జూకు ముక్కు రంధ్రాలు సన్నం, లోపలి దారి ఇరుకు, అంగిలి వెనుక భాగం గొంతుకు అడ్డంగా వాలి ఉండటం కూడా సాధారణమే. అందుకే అది ఎంత వగర్చినా చల్లబడేది తక్కువ, పైగా ఆ వగర్పు శ్రమకే మరికొంత వేడి పుడుతుంది. నిద్రలో గురక పెడుతుంటే ముద్దుగా ఉందని నవ్వుకుంటాం కానీ, ఆ గురక ఆ ఇరుకు దారి శబ్దమే.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, వరంగల్లులో మే నెలలో 43, 44 డిగ్రీలు కొత్త కాదు. అయినా నా అనుభవంలో ఆ పొడి ఎండకంటే మృగశిర ముందూ వెనుకా వచ్చే ఉక్కపోత రోజులే షిట్జూకు ఎక్కువ గండం. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కనుక కిటికీ తెరిచి పెట్టిన కూలర్ బాగా పనిచేస్తుంది, నోట్లో తడి కూడా త్వరగా ఆవిరవుతుంది. జూన్‌లో మబ్బు పట్టి వాన పడకుండా ఉన్న రోజున, తలుపులన్నీ మూసి అదే కూలర్ నడిపితే గదిలో తేమ ఇంకా పెరిగి కుక్క వగర్పుకు ఫలితం లేకుండా పోతుంది. ఆ రోజుల్లో కూలర్‌లో నీళ్లు పోయకుండా ఉత్త గాలికి వాడండి, లేదా ఏసీ ఉన్న గదిలో 26, 27 డిగ్రీల దగ్గర పెట్టి ఉంచండి. నడకకు ఉదయం 6 లోపు, రాత్రి 8 దాటాక బయలుదేరాలి. సాయంత్రం 6 గంటలకు గాలి చల్లబడినట్టు మనకు అనిపించినా సిమెంటు రోడ్డు ఇంకా సెగలు కక్కుతూనే ఉంటుంది, కుక్క పొట్ట ఆ రోడ్డుకు జానెడు ఎత్తులో ఉంటుంది. మీ అరచేతిని రోడ్డు మీద ఏడెనిమిది సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే అది నడవలేదు.

మా మొదటి షిట్జూ విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను. ఒక మే నెల మధ్యాహ్నం దాన్ని మేడమీద గదిలో కూలర్ పెట్టి వదిలి పెళ్లికి వెళ్లాం. కరెంటు పోయింది. రెండు గంటల తరువాత వచ్చి చూస్తే పక్కకు పడి, చిగుళ్లు ముదురు ఎరుపుగా, నోటి వెంట జిగురు లాలాజలంతో ఉంది. ఒంటి వేడి 41.5 డిగ్రీలు. కుక్కకు మామూలుగా ఉండేది 38.3 నుంచి 39.2 వరకు. బాత్రూంలోకి తీసుకుపోయి నల్లా తిప్పితే వచ్చినవి పైకప్పు ట్యాంకులో ఉడికిన నీళ్లు. ఇన్నేళ్లు శాఖలో పనిచేసినవాడికి ఆ సంగతి తట్టలేదు. వంటింట్లో బిందె నీళ్లతో కడుపు, తొడలు, చంకలు, అరికాళ్లు తడుపుతూ అట్టముక్కతో విసిరి, 39.5కు దిగాక తడపడం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాం. బతికింది. అప్పటి నుంచి వేసవిలో మా ఇంట్లో నీడపట్టున ఒక బకెట్ నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంటాయి, ఇంట్లో మనిషి లేకుండా మధ్యాహ్నం కుక్కను వదలడం మానేశాం. ఇలాంటి స్థితిలో ముందు చల్లబరచాలి, ఆ తరువాతే బండి ఎక్కించాలి. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు పోయకూడదు. కాస్త తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకు చూపించక తప్పదు, ఎందుకంటే మూత్రపిండాలకూ రక్తం గడ్డకట్టే ప్రక్రియకూ జరిగిన నష్టం ఒకటి రెండు రోజుల తరువాత బయటపడవచ్చు.

జుట్టు తీయించడం గురించి. గుండు చేయించవద్దు. చర్మం కనిపించేలా తీస్తే ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది, దోమలకు, పిడుదులకు దారి తెరిచినట్టవుతుంది, వెంట్రుక మొలిచేటప్పుడు దురదతో గోక్కుని పుండ్లు చేసుకుంటుంది. చల్లబడటం ముక్కు, నోటి పని కనుక గుండు వల్ల మీరు ఆశించిన లాభం కూడా అంతగా రాదు. అలాగని నేలను తాకే జుట్టు పెంచమని నేను చెప్పను. అది ప్రదర్శనలకు తీసుకుపోయేవారి ముచ్చట, రోజుకు గంట సమయం ఉన్నవారి పని. మార్చి మొదట్లో ఒళ్లంతా సుమారు అంగుళం మిగిలేలా కత్తిరించి, ఆరేడు వారాలకొకసారి సరిచేయిస్తే చాలు. దీన్నే పప్పీ కట్ అంటారు. మలద్వారం చుట్టూ, పొట్ట కింద, పంజాల మెత్తల మధ్య మాత్రం బాగా పొట్టిగా తీయించాలి. మెత్తల మధ్య జుట్టు పెరిగితే మన టైల్స్, గ్రానైట్ నేల మీద కాలు జారుతుంది, ఈ జాతిలో మోకాలి చిప్ప పక్కకు తప్పే లోపం అసలే ఎక్కువ.

ఎంత పొట్టిగా ఉంచినా రోజూ పది నిమిషాలు దువ్వక తప్పదు, మీ నాన్నగారు ఆ పని చేస్తానంటేనే ఈ కుక్కను తీసుకోండి. పైపైన బ్రష్ తిప్పితే చూడటానికి నున్నగా ఉంటుంది కానీ లోపల చర్మానికి ఆనుకుని ఉండలు కడుతుంది. ఒక చేత్తో జుట్టును పైకి ఎత్తి పట్టుకుని, పాయ తీసినట్టు కింది వరుస నుంచి కొద్దికొద్దిగా వదులుతూ, ముందు పిన్ బ్రష్‌తో (ఎడంగా సన్నని పుల్లలుండే బ్రష్), తరువాత స్టీలు దువ్వెనతో మొదళ్ల దాకా దువ్వాలి. దువ్వెన అడ్డం లేకుండా జారినప్పుడే ఆ వరుస పూర్తయినట్టు. చెవుల వెనుక, ముందుకాళ్ల సందుల్లో, హార్నెస్ (ఛాతీకి వేసే పట్టా) ఆనుకునే చోట ఉండలు ముందుగా కడతాయి. 10 నుంచి 12 నెలల వయసులో పిల్లజుట్టు పోయి పెద్దజుట్టు వస్తుంది. ఆ రెండు మూడు నెలలు నిన్న దువ్విన చోటే ఈ రోజు జడ కడుతుంది. ఎక్కువమంది విసిగిపోయి గుండు కొట్టించేది అప్పుడే. కాస్త ఓపిక పడితే ఆ దశ దాటిపోతుంది.

స్నానం మూడు వారాలకొకసారి సరిపోతుంది. చిక్కులు తీయకుండా నీళ్లు పోస్తే ఉండ బిగుసుకుని కత్తెర తప్ప దిక్కుండదు కనుక ముందు దువ్వి, ఆ తరువాతే స్నానం. మనం వాడే షాంపూ, సబ్బు వద్దు. కుక్క చర్మపు ఆమ్ల గుణం మనిషి చర్మం కంటే తక్కువ కనుక అవి దానికి సరిపడవు. తడి మొదళ్ల దాకా ఆరాలి. వానాకాలంలో పైన ఆరి లోపల చెమ్మగా ఉండిపోయిన జుట్టు కిందనే ఒక్క రాత్రిలో ఎర్రటి చీము పుండు లేస్తుంది, చాలామంది దాన్ని కరిచిన గాయమనుకుంటారు.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది, పుస్తకాల్లో దొరకదు. వానలు వెనుకబట్టాక ఖాళీ ప్లాట్లలో ఉత్తరేణి కంకులు, పల్లేరు కాయలు ఎండి సిద్ధంగా ఉంటాయి. ఈ జుట్టుకు అవి అయస్కాంతానికి ఇనుము లాగా అతుక్కుంటాయి. అక్టోబరు నుంచి జనవరి వరకు నడక నుంచి రాగానే వేళ్ల సందులు, చెవి అంచులు తడిమి చూడండి. వేళ్ల మధ్య దిగిన గింజ చర్మంలోకి పోయి గడ్డ అవుతుంది.

కళ్ల విషయంలో ఆలస్యం పనికిరాదు. షిట్జూ కంటిగుంట లోతు తక్కువ కనుక కనుగుడ్డు బయటికి ఉంటుంది, రెప్ప పూర్తిగా కప్పదు, ముక్కు మీది వెంట్రుకలు నల్లగుడ్డును గీరుతుంటాయి. రోజూ కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన శుభ్రమైన మెత్తటి గుడ్డతో మూలలు తుడిచి, ముఖం మీది జుట్టును పొట్టిగానైనా ఉంచండి లేదా మెత్తటి రబ్బరుతో పైకి ముడివేయండి. కింద గోధుమరంగు చార పడటం చాలా కుక్కల్లో మామూలే. కానీ ఒక కన్ను మూసుకుని ఉండటం, గుడ్డు మీద నీలి పొర, చిక్కటి పుసి కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి; పుండు పడిన నల్లగుడ్డు ఒకటి రెండు రోజుల్లో చిల్లుపడవచ్చు. ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేయవద్దు, వాటిలో స్టెరాయిడ్ ఉంటే పుండు ఇంకా లోతవుతుంది. మెడకు పట్టా వేసి లాగడం కూడా కళ్ల మీదా గొంతు మీదా ఒత్తిడి పెంచుతుంది, అందుకే ఛాతీకి వేసే హార్నెస్ మాత్రమే వాడాలి. చెవులు వారానికోసారి వాసన చూసి తుడవడం, గోళ్లు నెలకోసారి తీయడం, పళ్లు కుక్కల పేస్టుతో తోమడం మామూలు పనులే. ఈ చిన్న దవడలో పాలపళ్లు ఊడకుండా ఉండిపోతాయి కనుక ఆరు, ఏడు నెలల వయసులో ఒకసారి నోరు చూపించండి.

తిండి గురించి మీరు అనుకున్నంత కష్టం లేదు. మూడు నెలల పిల్లకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల తరువాత రెండుసార్లు పెట్టాలి. మూడు నెలల పిల్ల పూట తిండి తప్పి, నీరసించి తూలుతుంటే రక్తంలో చక్కెర పడిపోయిందని అర్థం. చిగుళ్లకు కొద్దిగా తేనె గానీ చక్కెర నీళ్లు గానీ రాసి వెంటనే తీసుకెళ్లాలి. ఎదిగిన 5 కిలోల కుక్కకు రోజుకు సుమారు 350 కిలోకేలరీలు చాలు, అంటే మంచి పొడి ఆహారం దాదాపు 90 నుంచి 100 గ్రాములు. ఇంటి తిండే పెడతామంటే ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కొద్దిగా అన్నం, గుమ్మడి లేదా క్యారెట్ పెట్టవచ్చు, అయితే అందులో కాల్షియం సరిపోదు కనుక డాక్టరుతో మాట్లాడి కలపాలి. పెద్దవాళ్లున్న ఇళ్లలో నేను ఎక్కువగా చూసేది పెరుగన్నం, పాలలో బిస్కట్లు. ఆ తిండితో కుక్క లావవుతుంది, జుట్టు మాత్రం నిర్జీవంగా తయారవుతుంది; కండకూ జుట్టుకూ కావలసిన మాంసకృత్తులు అందులో తక్కువ. లావైన షిట్జూకు వేసవి రెట్టింపు గండం. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, పులుసు కలిపిన అన్నం రక్తాన్ని పాడు చేస్తాయి. ద్రాక్ష, పాయసంలోని కిస్మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్ వద్దు, ఉడికిన కోడి ఎముకలు వద్దు. సంక్రాంతికి సకినాలు, ఉగాదికి పోలెలు వచ్చే బంధువుల చేతుల నుంచి అందకుండా చూడటం మీ అమ్మగారి బాధ్యత అవుతుంది, అది అంత సులభమేమీ కాదు.

పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు మన ప్రాంతంలో చాలా ఎక్కువ. ఎర్లీషియా, బెబీషియా అనే రెండు రక్తవ్యాధులు వాటితోనే వస్తాయి. తిండి మానడం, జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం కనిపిస్తే రక్త పరీక్ష చేయించాలి. ఇంత జుట్టులో పిడుదు కంటికి కనిపించదు, రోజూ దువ్వే చేతికే తగులుతుంది. ఊరి నుంచి ఎవరో తెచ్చిన, బర్రెలకు కొట్టే పిడుదుల మందును కొలత లేకుండా నీళ్లలో కలిపి 4 కిలోల కుక్కను ముంచి, వణుకుతో, చొంగతో నా దగ్గరికి తెచ్చినవారున్నారు. బరువును బట్టి డాక్టరు రాసిచ్చే మాత్ర లేదా మెడ మీద వేసే చుక్కలు మాత్రమే వాడండి. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బుల టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలై మూడు, నాలుగు వారాల ఎడంతో 16 వారాలు వచ్చేదాకా పడాలి, రేబీస్ టీకా మూడు నెలలకు వేయించి ఏడాదికి మళ్లీ వేయించాలి. ఆ వరుస పూర్తయ్యేదాకా పిల్లను వీధి నేల మీద దించవద్దు. క్లిష్టమైన జబ్బుకు మామునూరులోని పశువైద్య కళాశాల దగ్గరే ఉంది.

పిల్లను డాబా మీద ఒంటరిగా వదలకండి. మన వీధుల్లో కోతుల మందలు ఎంతగా పెరిగాయో మీకు తెలుసు, కోతికి భయపడి పిట్టగోడ మీది నుంచి దూకిన ఒక చిన్న కుక్కను నేను చూశాను. ఇది కాపలా కుక్క కాదు, దొంగ వచ్చినా తోక ఊపుతుంది. దానికి కావలసింది మనిషి పక్కన ఉండటం, ఆ మాటకొస్తే రిటైరైన దంపతుల ఇల్లు దానికి చక్కగా సరిపోతుంది. కాకపోతే కాళ్ల చుట్టూ తిరిగే స్వభావం కనుక రాత్రిపూట పెద్దవాళ్లు తట్టుకుని పడకుండా హాల్లో చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి. మూత్రవిసర్జన అలవాటు నేర్పడానికి మిగతా జాతులకంటే ఎక్కువ కాలం పడుతుంది. మేడారం జాతరకో తీర్థయాత్రకో ఇల్లు తాళం వేసి పోయేటప్పుడు దాన్ని ఎవరు చూసుకుంటారో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి.

కొనేటప్పుడు తల్లి కుక్కను చూడకుండా డబ్బు ఇవ్వకండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నియమాల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, కానీ 35, 40 రోజుల పిల్లలను బస్సుల్లో అట్టపెట్టెల్లో తెచ్చి "రెండు నెలలండీ" అనడం మామూలైపోయింది. 8 వారాలకు 28 పాలపళ్లు వచ్చి ఉంటాయి. వెనుక దవడ పళ్లు ఇంకా రాకపోతే చెప్పిన వయసును అనుమానించాలి. ముక్కు రంధ్రాలు గీతల్లా మూసుకుపోయి ఉన్న పిల్లను, పడుకున్నా నోటితో ఊపిరి పీల్చే పిల్లను ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోవద్దు.

నా మాటగా ఒక సలహా ఇస్తాను: ఈ వేసవికి ముందు తొందరపడకండి. దీపావళి టపాసుల చప్పుడు సద్దుమణిగాక, నవంబరులో తెచ్చుకుంటే పిల్లకు టీకాలు పూర్తికావడానికీ, దువ్వెనకు అలవాటు పడటానికీ మూడు, నాలుగు చల్లని నెలలు దొరుకుతాయి. ఆలోగా అమ్మగారి ఊపిరి పరీక్ష కూడా ముగుస్తుంది, నాన్నగారికి పాయలు తీసి దువ్వడం మా ఇంటి కుక్క మీదే నేర్పుతాను.